మీకు తెలుసా? ఎనిమిదంకెల పిన్, పదకొండు వేల ప్రయత్నాలు

పెందుర్తి వంటి విశాఖ శివార్లలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో, రౌటర్, అంటే ఇంటర్నెట్‌ను రేడియో తరంగాలుగా పంచే పెట్టె, వెలువరించే సంకేతం పక్క వాటాలోకీ చేరుతుంది కనుక, కంప్యూటర్‌కు రక్షణ రౌటర్‌నుంచే మొదలు కావాలి. పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ సదుపాయంలో పిన్ ఎనిమిదంకెలది కాబట్టి పది కోట్ల అవకాశాలు ఉంటాయనిపిస్తుంది గాని, రౌటర్ దానిని నాలుగంకెల చొప్పున రెండు ముక్కలుగా సరిచూడడం, చివరి అంకె తక్కిన ఏడింటినుంచి లెక్కగట్టినది కావడం వల్ల, 10,000కు 1,000 కలిపి గరిష్ఠంగా 11,000 ప్రయత్నాలలోనే అది దొరికిపోతుందని 2011లో బయటపడింది. సౌకర్యం కోసం పెట్టిన పిన్నే దొడ్డిదారి అయింది!

సంకేతాన్ని గూఢలిపిగా మార్చే పద్ధతులలో 1997 నాటి డబ్ల్యూఈపీ లోపం 2001లోనే రుజువైంది. 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్‌లో 8 నుంచి 63 అక్షరాలు పడతాయి, పొడవు పెరిగినకొద్దీ ఊహించడం కష్టమవుతుంది. రౌటర్ అమరికలను తెరిచే పాస్‌వర్డ్ వేరు. అది చాలాసార్లు పెట్టె అడుగున అంటించిన చీటీమీదే ఉంటుంది, దానిని మొదటిరోజే మార్చాలి. పాత కంప్యూటర్‌కు డబ్ల్యూపీఏ3 అందకపోతే డబ్ల్యూపీఏ2 చాలు. డబ్ల్యూఈపీ మాత్రం పనికిరాదు.