బియాస్ నది: ప్రవాహ స్వభావం, సందర్శకుల భద్రత

హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయలో ప్రవహించే బియాస్ నదికి మంచు, హిమానీనదాలు, వానలు నీటి ఆధారాలు. వేసవిలో పగటి ఎండకు కరిగిన నీరు దిగువకు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందువల్ల ఎగువ లోయలో ఉదయం తక్కువగా ఉన్న ప్రవాహం మధ్యాహ్నం తరవాత పెరుగుతుంది. హిమానీనదం అరగదీసిన రాతిపొడి కలిసినచోట నీరు మసకబారి, లోతు తెలియదు.

దిగువ లోయలో మరొక కారణం ఆనకట్టల నుంచి వదిలే నీరు. 2014 జూన్ 8 సాయంత్రం లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయి మరణించారు.

కాబట్టి నదిలోని బండలపైకి దిగకుండా గట్టు మీది నుంచే చూడాలి. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని ప్రవాహం నిలకడగా ఉంటుందనుకోరాదు. బాగా ఎండ కాసిన రోజే మంచు ఎక్కువగా కరుగుతుంది.