లారీకి డౌన్ పేమెంట్ ఎంత?

కొత్త లారీ కొనడానికి వెళ్లినవాళ్లు షోరూములో ముందుగా అడిగేది డౌన్ పేమెంట్ ఎంత అనే. తక్కువ చెబితే సంబరపడతారు. సొంత బండి కావాలని ఏళ్లతరబడి కలగన్న డ్రైవరుకు ఆ సంబరం సహజమే. కానీ చెప్పిన ధర చాలాసార్లు చాసిస్‌కు మాత్రమే. బాడీ కట్టించాలి, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, పర్మిట్, పన్ను కట్టాలి. తాళ్లు, టార్పాలిన్ కొనాలి. బండి ఆటోనగర్ షెడ్డులో ఉండగానే మొదటి కిస్తీ తేదీ వచ్చేయవచ్చు. అందుకే కిస్తీ ఏ నెల నుంచి మొదలవుతుందో ముందే మాట్లాడుకోవాలి.

బుకింగ్ అడ్వాన్సు సంగతి వేరు. లోను రాకపోతే ఆ డబ్బు తిరిగిస్తారా, అందులో ఎంత కోస్తారు అన్నది రసీదు మీదే రాయించుకోండి.

ఇక వడ్డీ. 28 లక్షల బండికి 3 లక్షలు కట్టి, 25 లక్షలు నాలుగేళ్లకు 8 శాతం ఫ్లాట్ వడ్డీకి తీసుకున్నారనుకుందాం. వడ్డీ 8 లక్షలు, నెల కిస్తీ 68,750 రూపాయలు. వినడానికి 8 శాతమే. కానీ అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 25 లక్షల మీదే పడుతోంది. తగ్గే బాకీ మీద లెక్కగడితే ఇది ఏడాదికి 14 శాతం పైమాటే. మన ఊళ్ల లెక్కలో నూటికి నెలకు దాదాపు రూపాయి ఇరవై పైసలు. మొదటి ఏడాది 8 లక్షల 25 వేలు కట్టినా అసలులో తగ్గేది సుమారు 5 లక్షలే.

అదే 6 లక్షలు ముందు కడితే కిస్తీ 60,500కు దిగుతుంది, వడ్డీలో 96 వేలు మిగులుతాయి. అలాగని ఆ అదనపు 3 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తేవడం తప్పు. అది ఏడాదికి 24 శాతం.

ఉన్నదంతా డౌన్ పేమెంట్‌కే ఊడ్చిపెట్టడమూ ప్రమాదమే. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కిరాయిలో కొంతే అడ్వాన్సుగా ఇస్తుంది, మిగతాది లోడు దిగిన రసీదు చేరాకే. డీజిలు, టోలు, డ్రైవరు బత్తా మాత్రం ఏ పూటకాపూట కావాలి. కిరాయి బాకీ ఆలస్యమైతే కిస్తీ తప్పుతుంది. కొత్త లారీలు ఎక్కువగా ఇబ్బందుల్లో పడేది ఇక్కడే అని నా అభిప్రాయం.

కొన్ని నిబంధనలు మీకు అండగా ఉన్నాయి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్, చిన్న వ్యాపార టర్మ్ లోన్లకు ఖర్చులన్నీ కలిపిన అసలు వార్షిక రేటుతో ఒక వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. సంతకానికి ముందే అది అడిగి తీసుకోండి. కిస్తీ ఆలస్యమైతే జరిమానా వేయవచ్చు గానీ, దాన్ని అదనపు వడ్డీగా కలిపి వడ్డీ మీద వడ్డీ లాగకూడదు. బాకీ తీరాక ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 తీసుకుని, ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీ మీది ఫైనాన్స్ పేరు తీయించాలి. లేదంటే అమ్మేటప్పుడు బండి కదలదు.

డౌన్ పేమెంట్, బాడీ, కాగితాల ఖర్చు పోను మూడు నెలల కిస్తీలకు సరిపడా సొమ్ము చేతిలో మిగలకపోతే, ఇప్పుడే బుక్ చేయకండి.