చీపురు పట్టే చిట్టి చేతులు

ఏడాదిన్నర దాటిన పిల్లలు చీపురు లాక్కుంటారు, ఉతికిన బట్టలు మడవబోతారు. పెద్దలకు అల్లరిగా తోచే ఈ ఉత్సాహం నిజమైన సాయమేనని పరిశోధనలు చెబుతున్నాయి. 2006లో పరిశోధకులు ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ టొమసెల్లో ప్రచురించిన ప్రయోగాల్లో, పెద్దవారి చేతి నుంచి జారి అందకుండా పడిన వస్తువును 18 నెలల పిల్లలు తీసిచ్చారు. కావాలని పడేసినప్పుడు మాత్రం అంతగా కదల్లేదు. అవసరమేదో ఆ పసివాళ్లు పసిగట్టారన్నమాట, ఇది చిన్న విషయమేమీ కాదు! 2008 నాటి ఆ పరిశోధకుల మరో అధ్యయనంలో, సాయం చేసినందుకు వస్తువులు బహుమతిగా అందుకున్న 20 నెలల పిల్లలు ఆ తర్వాత సాయం తగ్గించారు. మెప్పు మాత్రమే పొందినవారు తగ్గించలేదు.

పిల్లలు ఇంటిపనిలో చేయి వేసేటప్పుడు కత్తి, పొయ్యి, ఫినాయిల్ దూరంగా ఉంచాలి. ఉల్లిపాయలు బుట్టలో వేయడం, చేతిరుమాళ్లు మడవడం వంటివి అప్పగించవచ్చు. పని ఆలస్యమవుతుందని పిల్లల్ని పక్కకు పంపేయకండి.