ఓపిక లేని పూట ఏం వండాలి?

వంట రాకపోవడం వేరు, వంట వచ్చి కూడా చేయబుద్ధి కాకపోవడం వేరు. మొదటిదానికి యూట్యూబ్ నిండా మందు ఉంది. రెండోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మాట్లాడినా ఒక్క మాటలో తేల్చేస్తారు, బద్ధకం అని.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. కొండాపూర్‌లో రూమ్మేట్‌తో కలిసి ఉంటాను. మాది ఒంగోలు వైపు ఊరు. వంట బాగానే వచ్చు. బీటెక్ మూడో ఏడాది నుంచి వండుతున్నాను. గుత్తి వంకాయ కూర తీసుకెళ్తే మా టీమ్ వాళ్లు డబ్బా ఊడ్చేస్తారు. అలాంటిది గతేడాది వర్షాకాలంలో దాదాపు రెండు నెలలు పొయ్యి ముట్టించలేదు. ఒక రిలీజ్ కోసం మూడు నెలలు అమెరికా టైముకి పనిచేశాం. రిలీజ్ అయిపోయింది కానీ నిద్ర మాత్రం దారిలో పడలేదు. లేవగానే అలసట. ఫ్రిజ్‌లో కూరగాయలు ఉంటాయి, కడుపులో ఆకలి ఉంటుంది, మంచానికీ వంటగదికీ మధ్య ఉన్న పది అడుగులే వేయలేం. ఆరు కిలోలు తగ్గాను. "జిమ్ స్టార్ట్ చేశావా బ్రో, సూపర్" అన్నారు ఆఫీసులో.

చివరికి రూమ్మేటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. రక్తపరీక్షలో బి12, విటమిన్ డి రెండూ తక్కువగా ఉన్నాయి. ఆ తర్వాత సైకియాట్రిస్ట్ దగ్గరికి కూడా వెళ్లాను. డిప్రెషన్ అన్నారు, మందులు రాశారు. ఆవిడ చెప్పిన మాటల్లో నాకు బాగా పనికొచ్చింది చాలా మామూలు మాట: "రోజుకి మూడు పూటలు ఏదో ఒకటి తినండి. అది మంచి వంటా కాదా అన్నది తర్వాత చూద్దాం."

ఆ 'ఏదో ఒకటి' గురించే ఈ వ్యాసం.

అడ్డుపడేది ఎక్కడ?

మనం 'వంట' అని ఒక్క పేరు పెట్టేశాం కానీ, అది ఒక్క పని కాదు. ఏం చేయాలో తేల్చుకోవాలి. ఇంట్లో ఏముందో చూడాలి. కడగాలి, తరగాలి, పోపు పెట్టాలి, మాడకుండా నిలబడి కలపాలి. తిన్నాక అంట్లు తోమాలి. ఓపిక లేని రోజున ఇవన్నీ కష్టంగా ఉండవు. ఏదో ఒకటి రెండు దగ్గరే బండి ఆగిపోతుంది. మా భాషలో చెప్పాలంటే బాటిల్‌నెక్. అది ఎక్కడో పట్టుకుంటే మిగతాది కొంచెం తేలిక.

నాకు తరగడం దగ్గర ఆగుతుంది. ఉల్లిపాయ చూస్తేనే నీరసం. మా రూమ్మేట్‌కి తరగడం ఇష్టమే, సింక్‌లో అంట్లు కనపడితే మాత్రం వెనక్కి వెళ్లి పడుకుంటాడు. మా టీమ్‌లో ఒకమ్మాయికి అసలు ఏం వండాలో తేల్చుకోవడమే పెద్ద పని. తను వారం మొత్తానికి ఒకే టిఫిన్, ఒకే రాత్రి భోజనం పెట్టేసుకుంది. బోర్ కొట్టదా అని అడిగితే, "బోర్ కొట్టడానికి కూడా ఓపిక ఉండాలిగా" అంది.

యాప్‌లో ఆర్డర్ పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టుకోండి, తప్పేం లేదు. కాకపోతే రెండు వందల హోటళ్లు స్క్రోల్ చేసి, కూపన్ వెతికి, గేటు దగ్గర సెక్యూరిటీతో మాట్లాడి, ముప్పావుగంట తర్వాత చేతికొచ్చిన బిర్యానీ సగం తిని మూత పెట్టడం కూడా పనే. పైగా నెలాఖరున కార్డు బిల్లు. ఇన్‌స్టాలో '5 నిమిషాల వంట' రీల్స్ ఇంకో రకం మోసం. అందులో ముందే తరిగి పెట్టిన పద్నాలుగు చిన్న గిన్నెలు ఉంటాయి. ఆ గిన్నెలు ఎవరు కడుగుతారో రీల్‌లో చూపించరు.

కరెంటు కుక్కర్‌ని నమ్మండి

ఒంటరిగా ఉండేవాళ్లు ఒక్క వస్తువే కొనాల్సి వస్తే కరెంటు కుక్కర్ కొనండి. ఆటోమేటిక్‌గా ఆగిపోయే రైస్ కుక్కర్‌ని తోషిబా కంపెనీ 1955లో జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు మన ఇళ్లలో ఉండే మామూలు రకం ఎలా పనిచేస్తుందో తెలిశాక దాని మీద నాకు గౌరవం పెరిగింది. గిన్నె అడుగున అయస్కాంతంతో పనిచేసే చిన్న ఏర్పాటు ఉంటుంది. నీళ్లు ఉన్నంతసేపూ గిన్నె వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నీళ్లన్నీ బియ్యం పీల్చేసుకోగానే వేడి పైకి పోతుంది. కొన్ని డిగ్రీలు దాటగానే అక్కడి లోహానికి అయస్కాంతానికి అతుక్కునే గుణం పోయి, స్ప్రింగ్ కిందికి లాగేస్తుంది, టక్‌మని 'వార్మ్' లైటు వెలుగుతుంది. చిప్ లేదు, కోడ్ లేదు, బగ్ లేదు. మన కోసం నిలబడి చూసే పని అది చేసిపెడుతుంది, మనం వెళ్లి పడుకోవచ్చు.

అందులో అన్నం ఒక్కటే వండక్కర్లేదు. నేను ఎక్కువగా చేసేది పులగం. ముప్పావు గ్లాసు బియ్యం, పావు గ్లాసు పెసరపప్పు కలిపి కడిగి, మూడు గ్లాసుల నీళ్లు, ఉప్పు, చిటికెడు పసుపు, అర చెంచా జీలకర్ర, నాలుగు మిరియాలు. ఒక టమాటా ఉంటే తరగకుండా అలాగే వేసేయండి, ఉడికాక గరిటెతో మెదిపితే చాలు. పెసరపప్పుకి విజిల్స్ అక్కర్లేదు, మామూలుగానే ఉడుకుతుంది. గిన్నె మాత్రం సగానికి మించి నింపకండి, పొంగి గట్టంతా పాడవుతుంది, తుడుచుకోవడం ఇంకో పని. పైన ఒక చెంచా నెయ్యి, పక్కన ఊరగాయ. అన్నం, పప్పు విడివిడిగా వండితే రెండు గిన్నెలు, ఇది ఒకటే గిన్నె.

ఆవిరి ప్లేటు వచ్చిన కుక్కర్ అయితే, కింద అన్నం ఉడుకుతుండగా పైన రెండు గుడ్లు కడిగి పెట్టేయండి. అన్నం అయ్యేసరికి గుడ్లూ ఉడికిపోతాయి. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. కూర లేని పూట రెండు గుడ్లు చీల్చి, ఉప్పూ కారం చల్లి, అన్నంలో నంజుకుంటే భోజనం అయినట్టే. పొరటు వేసుకునే ఓపిక ఉంటే సరే, లేకపోతే లేదు.

మిగిలిన అన్నం గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఓపిక లేనివాళ్లం అన్నం గట్టు మీదే వదిలేసి పడుకుంటాం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. గంటల తరబడి బయట వదిలేస్తే అది పెరిగి విషం తయారుచేస్తుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకని తిన్న వెంటనే, ఎంత ఆలస్యమైనా రెండు గంటల లోపు, గిన్నెతో సహా ఫ్రిజ్‌లోకి తోసేయండి. మర్నాడు వేడిచేసి పెరుగు కలుపుకోండి.

పొడుల డబ్బా, అమ్మ లెక్క

ఒకరోజు ఫోన్‌లో అమ్మని అడిగాను, "అమ్మా, నీకు ఓపిక లేనప్పుడు ఏం వండేదానివి?"

"నాకు ఓపిక లేకుండా పోయిందని మీకెప్పుడు తెలిసింది నాయనా" అంది నవ్వుతూ.

అమ్మ అంగన్‌వాడీలో పనిచేసేది. పొద్దున వంట చేసి వెళ్లి, సాయంత్రం వచ్చి మళ్లీ వంట. కొన్ని శనివారాల రాత్రి పెద్ద పళ్లెంలో వేడన్నం వేసి, పప్పుల పొడి, నెయ్యి కలిపి, నాకూ చెల్లికీ చేతిలో ముద్దలు పెట్టేది. మాకదో పండగ. ఆ రోజు ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్లం. దాని గురించి గుర్తుచేస్తే చెప్పింది, "అంట్లు తోమే ఓపిక లేకరా అది. ఒక్క పళ్లెంతో పోద్దని."

ఇరవై ఏళ్లుగా నేను ప్రేమ అనుకున్న ఆ ముద్దల వెనక ఇంత లెక్క ఉందని తెలిసి కాసేపు మాట రాలేదు. ప్రేమ కాదని కాదు, రెండూ ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. మజ్జిగలో నానబెట్టిన అటుకులు. చారూ అప్పడం. వేడన్నంలో ఉప్పు, కారం, కాచిన నూనె. మా ఇంట్లో 'ఇవాళ స్పెషల్' అనుకున్న వాటిలో సగం ఆవిడకి కాళ్లు లాగిన రోజుల్లో పుట్టినవే. వాటికి ఆవిడ ఎప్పుడూ పేరు పెట్టలేదు, మేమూ అడగలేదు.

పప్పుల పొడికి పెద్ద పనేం లేదు. ఒక గ్లాసు పుట్నాల పప్పు, కొంచెం వేయించిన ఎండుమిర్చి ఏడెనిమిది, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, జీలకర్ర, ఉప్పు. మిక్సీలో రెండు నిమిషాలు. పుట్నాలు ముందే వేగి ఉంటాయి కాబట్టి మళ్లీ వేయించక్కర్లేదు. వంద గ్రాముల పుట్నాల్లో 20 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ప్రొటీన్ ఉంటుంది, అంటే మీరు ఉత్త అన్నం తింటున్నట్టు కాదు. ఆ మాత్రం కూడా చేయలేకపోతే కర్రీ పాయింట్ పక్కన స్వగృహ ఫుడ్స్ షాపులు ఉండనే ఉన్నాయి. కంది పొడి, కరివేపాకు పొడి, నల్లకారం పావుకిలో చొప్పున తెచ్చి పెట్టుకోండి. కొన్నది తింటే అమ్మ చేతి రుచి రాదు, నిజమే. ఆకలి మాత్రం తీరుతుంది.

ఇక మా రూమ్మేట్‌ది వరంగల్. నేను మంచం దిగని రోజుల్లో ఒక మధ్యాహ్నం వచ్చి, "అరే, పొయ్యి ముట్టియ్యకుంటనే అయ్యేది ఉంది గదరా, పచ్చి పులుసు చేస్కోరాదు" అన్నాడు. వాడే చేసి చూపించాడు. చిన్న ఉసిరికాయంత చింతపండు రెండు గ్లాసుల నీళ్లలో నానబెట్టి పిసికి వడకట్టడం, అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, కాస్త బెల్లం, కొత్తిమీర ఉంటే కొత్తిమీర. వాళ్లింట్లో నువ్వుల పొడి కూడా వేస్తారట. పోపు పెడితే మంచిదే, పెట్టకపోయినా ఎవరూ కేసు పెట్టరు. ఉల్లిపాయ తరగాలి కదా అన్నాను. "అది నేను కోస్త, నువ్వు గిన్నెలు కడుగు" అన్నాడు. ఇప్పటికీ మా ఒప్పందం అదే. ఇద్దరికీ ఆగిపోయే చోట్లు వేరైతే ఇదొక లాభం.

హాస్టల్లో, పీజీలో కెటిల్ ఒక్కటే ఉన్నవాళ్లకి అటుకులు మేలు. వాటిని వండే పని లేదు. మందపాటివైతే కడిగి ఐదు నిమిషాలు వదిలేయండి, పల్చటివైతే నీళ్లు పోసి వెంటనే వంచేయండి. పెరుగు, ఉప్పు, ఊరగాయ, గుప్పెడు వేయించిన పల్లీలు. పాలు, అరటిపండుతో అయినా బాగుంటుంది. నూడుల్స్ కంటే పని తక్కువ, నిజంగా.

అంట్ల విషయానికొస్తే, తిన్న పళ్లెంలో అప్పుడే నీళ్లు పోసి వదిలేయండి. తోమక్కర్లేదు. ఎండిన పెరుగన్నం పళ్లెం తోమడం, నానిన పళ్లెం తోమడం ఒకటి కాదు.

ఇంకో మాట. వారంలో ఒకట్రెండు రోజులు ఇలా ఉండటం అందరికీ ఉండేదే. రెండు వారాలకు పైగా రోజూ ఇలాగే ఉండి, నచ్చిన పనులు కూడా చేయాలనిపించకపోతే, నిద్ర, ఆకలి మారిపోతే, దాన్ని కుక్కర్ తీర్చలేదు. డాక్టర్‌కి చూపించుకోండి. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం కూడా మనిషిని ఇలాగే కూలబెడతాయి, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. మనసు బాగాలేదనిపిస్తే ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది, నంబరు 14416. కాల్ ఉచితం, ఏ టైములోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకి నాకు ఆదివారాలు కాస్త ఓపిక వచ్చింది. అప్పుడు చేయడం మొదలుపెట్టిందే ఈ ఉప్మా డబ్బా. మూడు చెంచాల నూనెలో ఆవాలు, సెనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు కరకరలాడేలా వేయించి, అందులోనే రెండు గ్లాసుల బొంబాయి రవ్వ పోసి కమ్మటి వాసన వచ్చేదాకా వేపాలి. సరిపడా ఉప్పు కలిపి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. ఓపిక లేని పూట వచ్చినప్పుడు రెండున్నర గ్లాసుల నీళ్లు మరిగించి, ఒక గ్లాసు రవ్వ ఉండ కట్టకుండా పోసి కలిపి, మంట తగ్గించి మూడు నిమిషాలు మూత పెట్టాలి. నిమ్మకాయ ఉంటే పిండుకోండి. లేకపోతే లేదు.