ఇంటికి ఎన్ని చదరపు అడుగులు?

బియ్యము కొనేవారు తూకము చూస్తారు. గుడ్డ కొనేవారు గజము చూస్తారు. ఈ రెండింటిలోను కొలిచే వస్తువు ఏదో, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అమ్మేవారికి, కొనేవారికి ఒకే విధముగా తెలిసి ఉంటుంది. ఒక సామాన్య కుటుంబము తన జీవితములో కొనే వస్తువులన్నిటిలోను మిక్కిలి ఖరీదైనది ఇల్లు. కాని ఇంటి విషయములో మాత్రము ఈ సౌకర్యము లేదు. ఒకే ఫ్లాటును ఒకరు 1,575 చదరపు అడుగులని, మరొకరు 1,260 అని, వేరొకరు 1,097 అని చెప్పవచ్చును. విచిత్రమేమంటే ఆ ముగ్గురూ టేపును సరిగానే పట్టి ఉండవచ్చును. లెక్క కూడ తప్పకుండ చేసి ఉండవచ్చును. తేడా టేపులో లేదు. దేనిని కొలవాలి అనే నిర్ణయములో ఉన్నది.

అంకణము నుండి చదరపు అడుగుకు

వెనుకటి రోజులలో తెలుగువారు ఇంటిని అంకణములతో లెక్కించేవారు. రెండు స్తంభముల వరుసల నడుమ, లేక రెండు దూలముల నడుమ ఉండే చోటు అంకణము. నాలుగంకణాల ఇల్లు అనగానే వినేవానికి ఇంటి పరిమాణము కంటికి కట్టేది. కాలక్రమమున అదే మాట స్థలమునకు కొలతగా మారింది. నెల్లూరు ప్రాంతములో అంకణమనగా 72 చదరపు అడుగులు. తిరుపతి ప్రాంతములో 36 మాత్రమే. తెలంగాణములో గుంటకు 121 చదరపు గజములు. కోస్తా జిల్లాలలో సెంటుకు 48.4 చదరపు గజములు. పేరు ఒకటే అయినా ఊరు మారితే విలువ మారే కొలతలు ప్రమాదకరమైనవి. అందుచేతనే మన దేశములో 1956 నాటి చట్టముతో మెట్రిక్ పద్ధతిని ప్రవేశపెట్టినారు. ఒక చదరపు మీటరు 10.764 చదరపు అడుగులకు సమానము.

చదరపు అడుగు ఎక్కడైనను ఒక్కటే. అయినను అంకణము తెచ్చిన చిక్కు మరొక రూపములో తిరిగి వచ్చినది. ఇప్పుడు మారేది కొలబద్ద కాదు, కొలవబడే హద్దు.

టేపు అంచు ఎక్కడ పెట్టాలి?

గదిలో టేపు పట్టేటప్పుడు దాని అంచును పెట్టగల చోట్లు మూడు ఉన్నవి: గోడ లోపలి ముఖము, గోడ మధ్యరేఖ, గోడ వెలుపలి ముఖము. మన ఇండ్లలో బయటి గోడ మందము సాధారణముగా 9 అంగుళములు. లోపలి అడ్డుగోడ మందము నాలుగున్నర అంగుళములు. గది చిన్నదే కావచ్చును గాని, ఈ అంగుళములు ఇంటి నాలుగు వైపుల చుట్టి వచ్చేసరికి పెద్ద మొత్తమే అవుతాయి.

ఈ హద్దులను బట్టి మార్కెట్టులో మూడు పేర్లు వాడుకలో ఉన్నవి. మొదటిది కార్పెట్ ఏరియా, అనగా తివాచీ పరచుకొనగల నేల. రెండవది బిల్టప్ ఏరియా. దీనిలో బయటి గోడలు, బాల్కనీలు కూడ చేరుతాయి. పక్క ఫ్లాటుతో కలిసిన గోడ ఉంటే అందులో సగము మాత్రమే లెక్కకు తీసుకొనుట వాడుక. మూడవది సూపర్ బిల్టప్ ఏరియా. మెట్లు, లిఫ్టు, నడవలు, కాపలావాని గది, జనరేటరు గది మొదలైన ఉమ్మడి స్థలములలో ఒక వాటాను బిల్టప్ ఏరియాకు కలిపితే ఇది వస్తుంది. ఈ కలిపే భాగమునకు లోడింగు అని పేరు.

మొదటి పేరుకు 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టము స్పష్టమైన నిర్వచనము ఇచ్చినది. ఫ్లాటులో వాస్తవముగా ఉపయోగపడే నేల కార్పెట్ ఏరియా. బయటి గోడలు, గొట్టములు పోయే డక్టులు, ఆ ఫ్లాటుకే చెందిన బాల్కనీ లేక వరండా, పైకప్పు లేని టెర్రసు ఇందులో చేరవు. కాని ఇంటి లోపలి అడ్డుగోడల కింది నేల చేరుతుంది. రిజిస్టరు చేయవలసిన ప్రతి ప్రాజెక్టులోను బిల్డరు ఫ్లాట్ల కార్పెట్ ఏరియాను, బాల్కనీల, టెర్రసుల వైశాల్యమును విడివిడిగా ప్రకటించవలెను. స్థలము 500 చదరపు మీటర్లకు మించని, లేక ఫ్లాట్లు ఎనిమిదికి మించని ప్రాజెక్టులకు ఈ రిజిస్ట్రేషను అవసరము లేదు.

సూపర్ బిల్టప్ ఏరియా అనే మాటకు మాత్రము ఆ చట్టములో నిర్వచనము లేదు. లోడింగు నూటికి ఇరవయ్యా, ముప్పయ్యా అనేది కట్టేవాని నిర్ణయము.

ఒక లెక్క

ఒక ఫ్లాటును ఉదాహరణగా తీసుకుందాము. బయటి గోడల వెలుపలి ముఖముల మధ్య అది 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్నదనుకుందాము. వైశాల్యము 1,200 చదరపు అడుగులు. దీనికి తోడు 60 చదరపు అడుగుల బాల్కనీ ఉన్నది. రెండును కలిపి బిల్టప్ ఏరియా 1,260.

బయటి గోడ 9 అంగుళములు, అనగా ముప్పాతిక అడుగు. ఇది రెండు వైపుల ఉన్నది గనుక పొడవులో ఒకటిన్నర, వెడల్పులో ఒకటిన్నర అడుగు తగ్గుతుంది. లోపల మిగిలేది 38.5 × 28.5 = 1,097.25 చదరపు అడుగులు. చట్టము చెప్పే కార్పెట్ ఏరియా ఇదే. లోపలి అడ్డుగోడల మొత్తము పొడవు 80 అడుగులైతే వాటి కింద మరి 30 చదరపు అడుగులు పోతుంది. నిజముగా కాలు మోపగల నేల 1,067.25 చదరపు అడుగులు.

ఇక బిల్టప్ ఏరియాకు నూటికి ఇరవై అయిదు చొప్పున లోడింగు కలిపితే 1,575 అవుతుంది. ప్రకటనలో కనిపించే సంఖ్య ఇదే. అనగా ప్రకటించిన ప్రతి నూరు అడుగులలోను కార్పెట్ ఏరియా సుమారు డెబ్బై అడుగులు మాత్రమే.

ధర దగ్గరకు వస్తే దీని ప్రభావము తెలుస్తుంది. ప్రకటించిన అడుగుకు రూ. 6,000 చొప్పున ఈ ఫ్లాటు వెల రూ. 94,50,000. దానిని కార్పెట్ ఏరియాతో భాగిస్తే అడుగు ధర రూ. 8,612. దీని పక్క వీధిలో మరొక ఫ్లాటును 1,500 అడుగులని ప్రకటించి, అడుగుకు రూ. 6,200 అడుగుతున్నారనుకుందాము. చూడగానే రెండవది ప్రియముగా తోచును. కాని దాని వెల రూ. 93,00,000, కార్పెట్ ఏరియా 1,125 అయితే అడుగు ధర రూ. 8,267 మాత్రమే. ప్రియమని తోచినదే చౌక. రెండు ఫ్లాట్లను పోల్చదలచినవారు వెలను కార్పెట్ ఏరియాతో భాగించి చూచుట తప్ప వేరు మార్గము లేదు.

చిన్న ఇంటికి పెద్ద గోడ

ఇందులో ఒక గణిత విషయము కూడ ఇమిడి ఉన్నది. గోడలు ఆక్రమించే చోటు ఇంటి చుట్టుకొలతను బట్టి ఉంటుంది. లోపలి నేల వైశాల్యమును బట్టి ఉంటుంది. ఇల్లు చిన్నదైన కొలది వైశాల్యము తగ్గినంత వేగముగా చుట్టుకొలత తగ్గదు. పై ఫ్లాటులో 1,200 అడుగులకు బయటి గోడలు తీసుకొన్నది 102.75, అనగా నూటికి ఎనిమిదిన్నర. పొడవు వెడల్పులను సగము చేసి 20 × 15 గల ఒంటిగది ఇంటిని చూస్తే, 300 అడుగులలో గోడలకు పోయేది 50.25, నూటికి పదునారున్నరకు పైమాటే. చిన్న ఇల్లు కొనే కుటుంబమే గోడలకు ఎక్కువ వంతు చెల్లిస్తున్నదన్న మాట. ఇంటి ఆకారము సన్ననై పొడవుగా ఉన్నను ఇంతే: 60 × 20 ఇంటికీ 1,200 అడుగులే అయినా లోపలి నేల 40 × 30 ఇంటి కంటె 15 అడుగులు తక్కువ.

అద్దె ఇంటి సంగతి

భారత ప్రమాణాల సంస్థ 2002లో సవరించిన 3861వ ప్రమాణము ప్లింత్ ఏరియా, కార్పెట్ ఏరియా, అద్దె వైశాల్యము అని మూడింటిని వేరు చేసినది. ఆ ప్రమాణము ప్రకారము కార్పెట్ ఏరియాలో గోడలేవీ చేరవు; వంటగది, స్నానాల గది కూడ చేరవు. వాటిని కలిపితే వచ్చేది అద్దె వైశాల్యము. కావున 2016 చట్టములోని కార్పెట్ ఏరియా వేరు, ఈ ప్రమాణములోని కార్పెట్ ఏరియా వేరు. ఒప్పందములో కార్పెట్ ఏరియా అని వ్రాసినంత మాత్రమున చాలదు. ఏ నిర్వచనము ప్రకారమో కూడ వ్రాయవలెను. దుకాణములకు, ఆఫీసులకు అద్దె అడుగుల లెక్కన ఉంటుంది గనుక అక్కడ ఈ జాగ్రత్త మరింత అవసరము. ఒకసారి తప్పిన అడుగుకు అద్దె నెలనెలా కట్టవలసి వస్తుంది.

ఇతర దేశములలో

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. ఫ్రాన్సులో కారే చట్టము అని పేరుపడిన 1996 నాటి శాసనము ఉమ్మడి భవనములలోని ఇండ్లకు ఒక నియమము పెట్టినది. గోడలు, అడ్డుగోడలు, మెట్లు లెక్కలోనికి రావు. ఏటవాలు కప్పు కింద ఎత్తు 1.80 మీటర్లకు తక్కువగా ఉన్న చోటు కూడ రాదు; మనిషి నిలబడలేని చోటు అమ్మకానికి పనికిరాదని భావము. చెప్పినదాని కంటె వాస్తవ వైశాల్యము ఇరవయ్యవ వంతుకు మించి తగ్గితే, కొన్నవారు ఒక సంవత్సరము లోపల ధర తగ్గింపు కోరవచ్చును. జపానులో ఫ్లాట్ల ప్రకటనలలో గోడ మధ్యరేఖ నుండి కొలుస్తారు. రిజిస్టరులో మాత్రము గోడ లోపలి ముఖము నుండి కొలిచిన వైశాల్యము ఉంటుంది. అందువలన ఒకే ఇంటికి అక్కడ రెండు సంఖ్యలు కనిపిస్తాయి.

ఎవరికి వారే కొలుచుకొనుట

గదిని కొలుచుటకు ఉక్కు టేపు, కాగితము, పెన్సిలు చాలును. గుడ్డ టేపు సాగుతుంది గనుక పనికిరాదు. టేపును నేల మీదనే పరచి, పూత పూసిన గోడ నుండి ఎదుటి గోడ వరకు కొలవవలెను. గాలిలో పట్టిన టేపు నడుమ వంగి ఎక్కువ చూపుతుంది. ఎండ వేడికి ఉక్కు వ్యాకోచించుట గురించి భయపడనక్కరలేదు: ఇరవై సెంటీగ్రేడు డిగ్రీలు వేడెక్కినను పది మీటర్ల టేపు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. ప్రతి వైపును రెండు చోట్ల కొలిచి సగటు తీసుకొనుట మంచిది.

గది మూలలు మట్టముగా ఉన్నవో లేవో తెలియుటకు కర్ణమును కొలవవలెను. 12 × 10 గది చక్కని దీర్ఘచతురస్రమైతే కర్ణము 15 అడుగుల ఏడున్నర అంగుళములు ఉండును. మూలలు వంకరగా ఉన్నప్పుడు ఎదురెదురు భుజముల సగటులను గుణిస్తే వచ్చేది స్థూల ఫలము మాత్రమేనని బ్రహ్మగుప్తుడు క్రీ. శ. 628లోనే గుర్తించినాడు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు కూడ క్షేత్రఫలములను వ్యావహారికము, సూక్ష్మము అని రెండుగా విభజించినాడు. ఆయన గణితసారసంగ్రహమును పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెనిగించినాడు. గదిని కర్ణము వెంట రెండు త్రిభుజములుగా విడదీసి లెక్కిస్తే సూక్ష్మఫలము వస్తుంది.

అయితే ఏ పొరపాటు ఎంత నష్టము తెస్తుందో కూడ తెలియవలెను. భుజములు 12, 10 అడుగులే ఉండి, గది పక్కకు ఒరిగి కర్ణము ఏడున్నర అంగుళములు తగ్గినను వైశాల్యములో నష్టము 0.4 చదరపు అడుగుకు మించదు. కాని పొడవు వెడల్పులు ఒక్కొక్క అంగుళము తగ్గితే 1.83 చదరపు అడుగులు పోతుంది. కనుక మూలల కంటె భుజముల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టవలెను.

వైశాల్యము ఒక్కటే గది యోగ్యతను చెప్పదు. జాతీయ భవన నియమావళి నివాసపు గదికి 9.5 చదరపు మీటర్ల వైశాల్యముతో పాటు 2.4 మీటర్ల కనీసపు వెడల్పును, 2.75 మీటర్ల ఎత్తును కూడ కోరుటకు కారణము ఇదే. వెడల్పు లేని గదిలో ఎన్ని అడుగులున్నను మంచము పట్టదు.

టేపు పట్టుటలో పొరపాటు నూటికి ఒకటి రెండు వంతులు. నిర్వచనములో పొరపాటు నూటికి ముప్పది వంతులు. ఇల్లు కొనబోయేవారు బయానా ఇవ్వకముందే కార్పెట్ ఏరియా, బాల్కనీ, ఉమ్మడి స్థలము, భూమిలో అవిభాజ్యపు వాటా అనే నాలుగు సంఖ్యలను విడివిడిగా వ్రాయించుకొనవలెను. చెప్పే సంఖ్య ఎంత పెద్దదైనను, అది గోడకు ఏ వైపు నుండి కొలిచినదో అడిగి తెలుసుకొనే హక్కు కొనేవారిది.