గ్రంథపాలకుఁడు – నూతన సాధనములు

గ్రంథాలయమునకు రానివాఁడే గ్రంథపాలకునకు ముఖ్యుఁడు. వచ్చువాఁ డెటులైనను వచ్చును. తనకుఁ గావలసినది తానే వెదకికొనును. రానివాని కొఱకు గ్రంథపాలకుఁ డేమి చేయవలెను? ఈ ప్రశ్నకు మన పెద్దలు తమ కాలమున లభించిన సాధనములతోఁ జెప్పిన సమాధానమును, నేఁటివారు చెప్పుచున్న సమాధానమును గ్రామపెద్దలకు మనవి చేయుటయే యీ ప్రసంగమున నా యుద్దేశము.

1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు మొదటిసారి సమావేశమైరి. ఆ సభకు మూలపురుషులు శ్రీ అయ్యంకి వెంకటరమణయ్యగారు. అధ్యక్షులు శ్రీ చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. చిన్ననాఁటనుండి రేచీఁకటితో బాధపడి, కాలక్రమమునఁ జూపు కోల్పోయిన మహనీయుఁడు గ్రంథాలయసభ కధ్యక్షుఁ డగుట నాకెల్లప్పుడు విశేషముగాఁ దోఁచును. ఒకరు చదువఁగా వినియు, తాను చెప్పఁగా నొకరిచే వ్రాయించియు సాహిత్యమును సేవించిన వారాయన. గ్రంథము కంటికే కాక చెవికిని అందునని చెప్పుటకు వారికంటె వేఱు సాక్షి యేల?

ఆనాఁటివారికి లభించిన గొప్ప సాధనము అచ్చుయంత్రము. అయ్యంకివారు ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రికను నడపి, ఒక యూరి గ్రంథాలయమున జరిగిన మంచిపనిని వేఱొక యూరికిఁ దెలిపిరి. తమ కష్టసుఖములు పదిమందికిఁ దెలియుచున్నవన్న ధైర్యము మాఱుమూల గ్రంథపాలకునకుఁ గలిగినది. పత్రిక చేరని చోటికిఁ గాలినడకయే సాధనము. గ్రంథాలయయాత్ర లను పేర కార్యకర్తలు ఊరూరు తిరిగిరి. కాలువలున్న చోటఁ బడవ సాధనమైనది. 1935లో గుంటూరు మండలమున శ్రీ పాతూరి నాగభూషణముగారు పుస్తకములను బడవ నెక్కించి కాలువ వెంబడి గ్రామముల కందించిరి. పడవప్రయాణ మెంత మెల్లనిదో మీలోఁ బెద్దవా రెఱుఁగుదురు. మెల్లనిదగుటయే పుస్తకమునకు మేలైనది.

ఇతరప్రాంతములవారును ఊరకుండలేదు. బరోడా సంస్థానమున శయాజీరావు గాయక్వాడు మహారాజు 1910లో అమెరికానుండి బోర్డెను అను నిపుణుని రప్పించి గ్రంథాలయశాఖను నెలకొల్పెను. గ్రంథాలయము లేని పల్లెలకుఁ గొయ్యపెట్టెలలోఁ బుస్తకములు పోయెడివి. అక్షరము రానివారికి మాయాదీపముతో బొమ్మలు చూపెడివారు. తంజావూరు మండలపు మన్నార్గుడిలో 1931లో ఎడ్లబండిపై గ్రంథాలయము పల్లెలకు బయలుదేఱినది.

పుస్తకము పంచుట యొక పని. గ్రంథాలయము నిలుచునట్లు ప్రభువులయెదుట వాదించుట మఱియొక పని. ఈ రెండవదానిని మనము చిన్నచూపు చూచుచుందుము. శ్రీ రంగనాథన్‌గారును, మద్రాసు గ్రంథాలయసంఘమువారును ఏండ్లతరబడి వాదింపఁగా 1948లో మద్రాసు పౌరగ్రంథాలయచట్టము వెలసినది. స్వతంత్రభారతమున నట్టి చట్టములలో నదియే మొదటిది. దానివలన ఆస్తిపన్ను రూపాయికి అర్ధణా చొప్పున గ్రంథాలయపన్ను విధింపఁబడినది. పిదప హైదరాబాదు రాష్ట్రమునకు 1955లోను, ఆంధ్రప్రదేశమునకు 1960లోను చట్టములు వచ్చినవి. నేఁడు మన రెండు రాష్ట్రములలో ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయమునకై వసూలగుచున్నవి. వసూలు చేయునది పంచాయతియో పురపాలకసంఘమో. పొందవలసినది జిల్లా గ్రంథాలయసంస్థ. ఆ చేతినుండి యీ చేతికి వచ్చులోపల సొమ్ము నడుమ నిలిచిపోవుట పలుచోట్లఁ గల కష్టము.

ఇఁక నేఁటి సాధనములు. చేతిఫోను లేని యిల్లు పల్లెలో నరుదైనది. క్రొత్త పుస్తకము వచ్చినదన్న వార్తను, దాని యట్ట బొమ్మతోఁగూడ, గ్రంథపాలకుఁడు నిమిషములో నూఱిండ్లకుఁ బంపఁగలఁడు. చూపు లేనివారి కొఱకును, అచ్చుపుస్తకము చదువలేని యితరుల కొఱకును 2016లో కేంద్రప్రభుత్వము ‘సుగమ్య పుస్తకాలయ’ మను దానిని అంతర్జాలమునఁ బ్రారంభించినది. అందలి పుస్తకములను జెవితో వినవచ్చును. చిలకమర్తివారు జీవించియున్న నెంత సంతసించెడివారో! అయితే బీరువాకుఁ దాళమువేసి ఫోనులోఁ బుస్తకమును బొగడు గ్రంథపాలకునిఁగూడ నేను జూచితిని. ఎదుట నిలిచిన బాలుని జూచుటకుఁ దల యెత్తనివాని చేతిలో నేసాధనమైన నేమి?

నే నెఱిఁగిన యొక గ్రామమున గ్రంథాలయపుఁ బైకప్పు కాఱుచుండెను. ఎన్ని యర్జీలు పంపినను బదులు లేదు. అచ్చటి గ్రంథపాలకుఁడు చిన్నవాఁడు. తడిసిన భారతసంపుటముల ఛాయాచిత్రము తీసి, హైదరాబాదునను అమెరికాలోను ఉన్న గ్రామస్థులకుఁ బంపెను. అయ్యో యన్నవారు పెక్కురు, కదలినవాఁడు లేఁడు. అంతట నాతఁడు నిరాశపడక, వేఱుమార్గము పట్టెను. ప్రతిదినము వచ్చువా రెందఱు, తీసికొనిపోయిన పుస్తకము లెన్ని, వానచేఁ జెడిన వెన్ని, ఆ యేఁడు తమ యూరి యిండ్లనుండి వసూలైన గ్రంథాలయపన్ను ఎంత – ఇవన్నియు నొకే కాగితమున వ్రాసెను. ఎవఁ డేపుస్తకము చదివెనో మాత్రము వ్రాయలేదు. అది పాఠకుని సొంతవిషయ మనెను. ఆ వివేకము నాకు మిక్కిలి నచ్చినది.

ఆ కాగితమును గ్రామసభలో నొక వృద్ధకర్షకుఁడు బిగ్గరగాఁ జదివెను. చదువుచుండఁగాఁ దీసిన చలనచిత్రము సాయంకాలమునకే యందఱి ఫోనులకుఁ బోయెను. ఈసారి దూరదేశములవారు అయ్యో యనలేదు, లెక్క యడిగిరి. పన్ను కట్టినవాఁడు లెక్క యడిగినచో బదులు చెప్పక తప్పదు గదా! పన్నుబకాయిలో నొక భాగము గ్రంథాలయసంస్థకుఁ జేరినది. మఱుసటి వానకాలమునకు ముందే కప్పు బాగుపడినది. మిగిలిన బకాయి యింకను రావలసియున్నది. ఆ కాగితమును, ఏఁటేఁట నంకెలు మార్చి, గ్రంథాలయపు వాకిటి గోడపై నంటించుచునే యున్నారు.