నాలుగు రాజ్యాల సరిహద్దులో ఊరి చెరువు

పల్లె దినచర్య చెరువు చుట్టూ ఎలా అల్లుకుందో చూస్తే ఊరి బతుకు అసలు స్వరూపం తెలుస్తుంది. తెల్లవారుతూనే వలలు తీసేవాళ్లు నీళ్లలో ఉంటారు. కాస్త ఎండెక్కేసరికి రేవు బండల దగ్గర బట్టల చప్పుడు మొదలవుతుంది. మధ్యాహ్నానికి గేదెలు నీళ్లలో దిగుతాయి. తూము కింద నారుమడికి తడి అందుతూనే ఉంటుంది. వానాకాలం చివర్లో తెలంగాణలో తంగేడు, గునుగు పూల బతుకమ్మలు ఆ నీళ్లలోకే సాగిపోతాయి. కట్ట మీద మైసమ్మకు బోనం అక్కడే అందుతుంది. సెలవులకు నగరం నుంచి వచ్చినవాళ్లకు ఇదంతా ప్రశాంతతగా కనిపిస్తుంది. ప్రకృతి ఒడిలో బతుకు అంటే ఇదే అనిపిస్తుంది. కానీ ఆ కట్ట ప్రకృతి కట్టింది కాదు. తూము దానంతటది తెరుచుకోదు. అలుగు పారినంత మాత్రాన దిగువ చెరువు నిండదు, మధ్యలో కాలువకు ఎవరో ఒకరు ముళ్లకంప తీసి ఉండాలి. పల్లె ప్రశాంతత అని మనం పేరు పెట్టినదాని వెనక ఎవరో రోజూ చేసిన పని ఉంది. ఊరంటే ఉమ్మడి వస్తువును కాపాడుకునే ఏర్పాటు. ఆ ఏర్పాటు చెడితే సిమెంటు రోడ్డు, కరెంటు, సెల్‌ టవర్‌ అన్నీ ఉన్నా అది ఇళ్ల గుంపుగానే మిగులుతుంది. నీళ్లు, నిధులు ఒక్కో ఏడు ఉంటాయి, ఒక్కో ఏడు ఉండవు. మన చెరువులకు ఏటేటా తప్పకుండా కరవైంది కావలి.

శాసనం చెప్పిన దోషం

కావలి లేకపోతే చెరువు నిలవదన్న మాట ఈనాటిది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు శ్రమిస్తే అది పూర్తయిందని శాసనం చెబుతుంది. అంతటితో ఆగకుండా, మంచి చెరువుకు కావలసిన 12 అంగాలనూ చెడ్డ చెరువుకుండే ఆరు దోషాలనూ ఏకరువు పెడుతుంది. అంగాల జాబితా ధర్మం తెలిసిన రాజుతో మొదలై, పని తెలిసిన మనుషుల బృందంతో ముగుస్తుంది. గట్టి నేల, తీపి నీటి ఏరు, మంచి రాయి ఆ రెంటి నడుమ వస్తాయి. ఇక దోషాలు చూడండి: కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మిట్ట, కొద్ది నీళ్లకు పెద్ద ఆయకట్టు, ఎక్కువ నీళ్లకు చాలని నేల. ఈ అయిదూ ఇంజినీర్లు చెప్పే మాటలే. ఆరోది వేరు: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. మట్టి ఎంత మంచిదైనా, రాయి ఎంత గట్టిదైనా, బాధ్యత ఎవరిదో తేలని చెరువు చెడ్డ చెరువేనని 650 ఏళ్ల కిందటి నిర్మాతలు రాయి మీద చెక్కించారు.

ఆ కొలతతో చూస్తే ఇవాళ మన ఊరి చెరువు నాలుగు రాజ్యాల సరిహద్దులో ఉంది. కట్ట, తూము నీటిపారుదల శాఖవి. శిఖం భూమి, అంటే చెరువు మునక నేల, లెక్కలు రెవెన్యూ శాఖవి. చేపల వ్యవహారం మత్స్యశాఖది. ఊరి మురుగు చెరువులో కలవకుండా చూడాల్సింది పంచాయతీ. కట్ట మీద సర్కారు తుమ్మ పెరిగి వేళ్లు లోపలికి దిగుతుంటే, నీళ్ల మీద గుర్రపుడెక్క పరుచుకుంటుంటే, తూము తలుపు తుప్పు పట్టి బిగుసుకుపోతే ఎవరిని అడగాలో ఊరికి తెలియదు. ప్రతి శాఖా తన వంతు పని చేశానని చూపించగలదు. చెరువు మాత్రం పాడవుతూనే ఉంటుంది. గండి పడ్డ రాత్రి అందరూ వస్తారు. గండి పడకుండా చూడాల్సిన మూడు వందల రాత్రులకు పేరు పెట్టి పిలవదగిన మనిషి లేడు.

నీరటి వెళ్లిన దారి

ఒకప్పుడు ఆ మనిషి ఉండేవాడు. తెలంగాణలో నీరటి అన్నారు, రాయలసీమలో నీరుగంటి అన్నారు. ఏ మడికి ఎప్పుడు తడి పెట్టాలో, ఎంతసేపు పెట్టాలో అతనే చూసేవాడు. ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొక్కలు కట్టలో ఎక్కడ పడ్డాయో అతనికి తెలుసు. ముసురు పట్టిన రాత్రి కందిలి పట్టుకుని కట్ట మీద తిరిగేది అతనే. పంట నూర్చిన కళ్లంలో అతనికి మేర కొలిచేవారు. పెద్ద మరమ్మతుల కోసం రాయలసీమలో దశబంధం ఇనాం భూములు ఉండేవి, ఆ భూమి అనుభవించేవాళ్లు చెరువు బాగోగులు చూడాలన్నది షరతు. ఏటేటా పూడిక తీయడం, కాలువలు చెక్కడం వంటివి రైతులంతా కలిసి చేసుకునే పని. దాన్నే కుడిమరామత్తు అన్నారు. ఆంగ్లేయుల రైతువారీ పద్ధతిలో పన్ను ఒక్కో రైతుతో ముడిపడింది, చెరువు సర్కారుదైంది. ఉమ్మడి పని సడలింది. మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చి ఆ పనిని బలవంతంగా చేయించాల్సి వచ్చింది. కట్టుబాటు బలంగా ఉన్నచోట అలాంటి చట్టం అవసరమే ఉండదు. 1950ల్లో ఇనాంలు రద్దయ్యాయి. 1984లో కరణం, మునసబు, పట్వారీ వ్యవస్థ పోయింది. నీరటి ఊరి సేవకుల్లో ఒకడిగా మిగిలాడు. 2023లో తెలంగాణలో గ్రామ రెవెన్యూ సహాయకులను క్రమబద్ధీకరించి వేర్వేరు శాఖల్లో సర్దారు. ఆ ఉద్యోగులకు దక్కాల్సిన భద్రత దక్కింది, అది న్యాయం. కానీ వాళ్లలో ఒకప్పటి నీరట్ల వారసులు కూడా కట్ట దిగి వెళ్లాక, ఆ కట్ట ఎక్కాల్సింది ఎవరన్నది ఊరికి స్పష్టంగా తేలలేదు.

బోరు ఉంటే చాలదా?

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. చెరువు కింద సాగు తగ్గిపోయింది, బోర్ల కింద సాగు దాన్ని మించిపోయింది, ఇంటికి కుళాయి నీళ్లొస్తున్నాయి, బట్టలు వాషింగ్‌ మెషిన్‌ ఉతుకుతోంది, ఇంకా చెరువు పాట పాడటం దేనికి అని. బోరు రైతుకు స్వేచ్ఛ ఇచ్చిందన్నది నిజం. తూము వంతు కోసం ఎదురుచూసే అవసరం, ఊరి పెద్దల దయ కోసం నిలబడే అవసరం తప్పింది. చిన్న రైతుకు అది చిన్న విషయం కాదు. అయితే బోరు నీళ్లు తోడగలదు గానీ దాచలేదు. తెలంగాణ, రాయలసీమల్లో ఎక్కువ భాగం గట్టి రాతి నేల. పైన కొంత మేర పొడిపొడిగా మారిన రాయి, కింద పగుళ్లు, నీళ్లు నిలిచే చోటు అంతే. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర, అదీ కొద్ది రోజుల్లో కురిసి వెళ్లిపోతుంది. ఆ కొద్దిరోజుల నీటిని ఆపి, నెమ్మదిగా నేలలోకి దించేది చెరువే. చెరువు నిండిన ఏడు కట్ట కింది బావుల్లో నీళ్లు పైకొస్తాయని ప్రతి రైతుకూ తెలుసు. చెరువు ఎండిన ఊళ్లో ఒక్కో రైతూ అప్పు చేసి పక్కవాడి బోరుకన్నా లోతుకు వేస్తాడు. పక్కవాడు మళ్లీ వేస్తాడు. 2002లో వచ్చిన వాల్టా చట్టం బోర్లకు హద్దులు పెట్టాలనే చూసింది గానీ, పొలానికో బోరు ఉన్న ఊళ్లో హద్దు చూసేదెవరు? చెరువు ఉమ్మడి వస్తువని కళ్లకు కనిపిస్తుంది. భూగర్భ జలమూ ఉమ్మడిదే, కాకపోతే అది కనిపించదు. కనిపించేదాన్నే కాపాడుకోలేని ఊరు కనిపించనిదాన్ని పంచుకోగలదని అనుకోవడం కష్టం.

చెరువు అందరిదేనా?

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఉమ్మడి అన్న మాట వినడానికి తీయగా ఉంటుంది, కానీ ఊరి చెరువు ఏనాడు అందరిదైంది? ఏ రేవులో ఎవరు దిగాలో కులమే నిర్ణయించింది. 1924లో మహారాష్ట్రలోని మహాడ్‌ పురపాలక సంఘం చవదార్‌ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానించినా దళితులు ఆ నీళ్లు ముట్టలేకపోయారు. 1927 మార్చి 20న అంబేడ్కర్‌ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగాల్సి వచ్చింది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఆయనే, పల్లె అంటే సంకుచితత్వం, అజ్ఞానం తప్ప మరేమిటని నిలదీశారు. మన నేల మీద ఆ మాటకు రుజువు కారంచేడు. అక్కడ గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గరే, దళితులు తాగే నీళ్లను మురికి చేయొద్దని అడిగినందుకు. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురు దళితులను చంపేశారు. పాత ఊరిని తలచుకుని మురిసిపోయే ఏ వ్యాసమైనా ఈ తేదీ దగ్గర ఆగి తల దించుకోవాలి. కట్ట మీద రాత్రంతా కాపలా కాసిన నీరట్లు కూడా చాలాచోట్ల దళితులు, వెనుకబడిన కులాలవాళ్లే. కాపలా వాళ్లది, నీళ్లు ఇతరులవి.

అందుకే పాత ఏర్పాటు యథాతథంగా తిరిగి రావాలని ఎవరూ కోరుకోకూడదు. అయితే ఈ చరిత్ర చెప్పే పాఠం చెరువును వదిలేయమని కాదు. మహాడ్‌లో అంబేడ్కర్‌ పోరాడింది ఉమ్మడి నీటిలో సమాన హక్కు కోసం, విడి బావి కోసం కాదు. ఉమ్మడి వస్తువు పాడైతే మొదట నష్టపోయేది సొంత వస్తువు లేనివాళ్లే. చెరువు ఎండితే పదెకరాల రైతు మరో బోరు వేస్తాడు. చేపలు పట్టి బతికే కుటుంబానికీ, రెండు గేదెలున్న కూలి మనిషికీ, గొర్రెలకాపరికీ వేసుకోవడానికి మరో చెరువు ఉండదు. చెరువు పడావు పడ్డాక శిఖంలోకి ట్రాక్టరు తోలగలిగేది కూడా బలమున్నవాళ్లే. ఊరుమ్మడి భూములు, చెరువుల ఆక్రమణలను తొలగించడానికి పథకాలు తయారుచేయమని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్‌ సింగ్‌ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు ఎవరి పక్షాన నిలబడిందో ఆలోచించండి.

పూడిక తీశాక?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదా అన్నది మూడో ప్రశ్న. చేశాయి. 2015లో మొదలైన మిషన్‌ కాకతీయ కింద తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులను లెక్కతేల్చి, వాటిలో చాలా చెరువుల్లో విడతలవారీగా పూడిక తీశారు. రైతులు ఆ నల్లమట్టిని ట్రాక్టర్లతో తమ చేలకు తోలుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో నీరు–చెట్టు కింద పనులు జరిగాయి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం డబ్బూ ఎన్నో చెరువులకు చేరింది. ఇవన్నీ మంచి పనులు. కానీ పూడిక తీయడం వైద్యం లాంటిది, కావలి రోజూ తిండి పెట్టడం లాంటిది. వైద్యం చేసి ఇంటికి పంపి తిండి పెట్టకపోతే రోగి మళ్లీ మంచాన పడతాడు. వాగుతో పాటు మట్టి ఏటా వస్తుంది, తుమ్మ ఏటా మొలుస్తుంది. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుంచి నేటిదాకా పంటకు నీళ్లిస్తున్నాయంటే కట్టిన రాజు గొప్పతనం ఒక్కటే చాలలేదు, తర్వాత వచ్చిన ప్రతి తరంలోనూ ఎవరో వాటిని చూసుకున్నారు.

చూసుకునే ఏర్పాటు కోసం కూడా ఒక ప్రయత్నం జరిగింది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ నీటిపారుదల వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపింది. వాటిలో ఎక్కువ భాగం చిన్న నీటి వనరులవే. దేశానికి దారి చూపిన ఆ చట్టంలో ఒక లోపం ఉంది. ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకే పరిమితమైంది. చేపలు పట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, పశువులు మేపేవాళ్లు, సొంత పేరున పట్టా లేని ఆడవాళ్లు చెరువును రోజూ వాడుతున్నా దాని లెక్కల్లోకి రాలేదు. పంటకాలువ కోణం నుంచి మాత్రమే చూస్తే చెరువు ఒక నీళ్ల తొట్టి. తొట్టిని వాడుకోవడానికి మనుషులు ఉంటారు, కాపాడటానికి ముందుకు రారు.

కాబట్టి కావాల్సింది మరో భారీ పథకం కాదు. ప్రతి చెరువుకూ జీతం ఉన్న ఒక కావలి మనిషి, అతన్ని నియమించి ప్రశ్నించే అధికారమున్న ఒకే ఒక్క సంఘం కావాలి. ఆ సంఘంలో ఆయకట్టు రైతుతో సమానంగా చెరువు మీద బతికే ప్రతి వర్గానికీ, ముఖ్యంగా దళితవాడకూ, ఆడవాళ్లకూ ఓటు ఉండాలి. నీళ్లు నిండినప్పటి హద్దుకు రాళ్లు పాతి, ఆ పటం పంచాయతీ గోడ మీద అందరికీ కనిపించేలా గీయాలి. డబ్బెక్కడిది అన్న ప్రశ్నకు జవాబు ఉంది: 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని పారిశుధ్యం, తాగునీరు, వాననీటి సంరక్షణలకే ముడిపెట్టింది. అధికారం ఎక్కడిది అన్నదానికీ జవాబు ఉంది: 73వ సవరణ రాజ్యాంగంలో చేర్చిన 11వ షెడ్యూలులో చిన్న నీటిపారుదల, చేపల పెంపకం రెండూ పంచాయతీలకు అప్పగించదగిన విషయాలే. చట్టం ఊరి చేతికి తాళం ఇవ్వడానికి సిద్ధంగా ఉంది, శాఖలే ఇంకా పిడికిలి విప్పలేదు.

ఈసారి తొలకరికి ముందు మీ ఊరికి వెళ్తే చెరువు కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవండి. తూము తలుపు ఎవరు తిప్పుతారని ఎదురుపడ్డ మనిషిని అడగండి. జవాబుగా ఒక శాఖ పేరు కాకుండా ఒక మనిషి పేరు వినిపిస్తే ఆ ఊరి చెరువుకు భయం లేదు. వినిపించకపోతే, వచ్చే గ్రామసభలో మొదటి ప్రశ్న మీరే అడగండి: మన చెరువుకు కావలి ఎవరు?